పోయొస్త అనకుండా ఎక్కబోయిన బస్సు

దయ్యాలూ వింతలూ అని ఎవరైనా మొదలుపెడితే, పనుంటే చూసుకోండి అని లేచిపోయే రకం నేను. ఇప్పుడు నేనే చెప్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

మాది రామన్నపేట దగ్గర పల్లె. నల్లగొండలో బట్టల దుకాణంలో పని చేస్తాను. ఆదివారం ఇంటికొచ్చి సోమవారం పొద్దున బస్సెక్కుతాను. మా దిక్కు బయలుదేరేవాళ్లు ‘పోత’ అనరు, ‘పోయొస్త’ అంటారు. నేను ఆ మాట అనగానే మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి, “పైలం బిడ్డా” అనేది, జాగ్రత్తగా పోయి రమ్మని. అది విన్నాకే నా కాలు కదిలేది.

మూడేళ్ల కింద అవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మళ్లీ వస్తుందో రాదో చెప్పలేమన్నారు దవాఖానలో. నాలుగు నెలలు నేను ‘పోయొస్త’ అని చెప్తూనే ఉన్నాను. ఆమె పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. ఒక సోమవారం ఇక తట్టుకోలేక, చెప్పకుండానే పెరటి తలుపు గుండా వెళ్లిపోయాను.

బస్సు ఆగే చోటు మా ఇంటికి కిలోమీటరున్నర. అప్పుడు సరిగ్గా ఎనిమిదింబావు. మెట్టు మీద కాలు పెట్టానో లేదో, వెనక నుంచి “పైలం బిడ్డా” అని వినిపించింది. అచ్చం అవ్వ గొంతే. నా భ్రమ అనుకుని ఎక్కబోతుంటే కండక్టరమ్మ ఆపింది.

“ఎన్కకెళ్లి ముసలమ్మ పిలుస్తాంది, ఇనవస్తలేదా? మీ ఇంటోళ్లేనా?”

ఇద్దరం చూశాం. రోడ్డు మీద పురుగు కూడా లేదు.

వెనక నుంచి పిలుపు వినిపిస్తే ఇంటికి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తాగి వెళ్లడం మా దగ్గర పద్ధతి. అదంతా ఉత్తదే అనేదాన్ని. ఆ రోజు మాత్రం చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికాను.

వాకిట్లో అమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. అవ్వ పెరటి తలుపు దిక్కు చూసి “పైలం బిడ్డా” అందట. వెంటనే నాకు ఫోన్ చేద్దామని తీస్తే టైం ఎనిమిదీ పదహారట.

నేను లోపలికి వెళ్లి అవ్వ మంచం పక్కన కూర్చున్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

“చెప్పకుంట... పోతవానే?”

నాలుగు నెలల తర్వాత నాకు దక్కిన మొదటి మాట తిట్టు. అంత సంతోషం నా జన్మలో ఎరగను. అమ్మ తెచ్చిన నీళ్లు సగం తాగాను, సగం మీద పోసుకున్నాను.

పోయిన మాట ఒక్కోసారి తిరిగొస్తుందని తర్వాత దవాఖానలో చెప్పారు. సరే, ఒప్పుకుంటాను. కానీ అంత దూరం ఆ గొంతు ఎలా వచ్చింది? కండక్టరమ్మకు ఎలా వినిపించింది? నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ కండక్టరమ్మ ఇప్పటికీ అదే బస్సులో వస్తుంది. టికెట్ కొట్టేముందు నన్నొకటి అడుగుతుంది.

“అవ్వకు చెప్పొచ్చినవా?”

చెప్పే వస్తున్నాను.