రెండో తరగతి ఫ్రెంచ్

నా చిన్నప్పుడు, రెండో తరగతి చదువుతుండగా, మా స్కూలు వార్షికోత్సవం నాడు వేదిక మీద ఎవరెవరున్నారో, ఏమేమున్నాయో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ఎడమ నుంచి: మా కరస్పాండెంట్ సారు, అంటే స్కూలు యజమాని. ఆయన పక్కన బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు. ఆ పక్కన, ఫ్యాక్టరీలో కొత్త మెషిను బిగించడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన ఇంజినీరు, మెడలో బంతిపూల దండతో. ప్లాస్టిక్ పూలకుండీ పెట్టిన టేబులు ఒకటి. నా ఎత్తుకు దిగని మైకు స్టాండు ఒకటి. అందుకని మైకును ఊడదీసి నా నోటి దగ్గర పట్టుకుని నిలబడిన మా పక్కింటి అక్క. ఆమె ముందు, బిగుతైన టై కట్టుకుని నేను. కింద మొదటి వరసలో మా నాయన.

మాది చిత్తూరు. ఆ ఏడాది మా స్కూల్లో రెండో తరగతి నుంచే ఫ్రెంచ్ మొదలుపెట్టారు. ఊళ్ళో ఇంకెక్కడా లేదని గేటుకు బ్యానరు కూడా కట్టారు. బ్యానరు కట్టాక, చెప్పే మనిషి కోసం వెతికారు. మా పక్కింటి అక్క ప్లస్ టూ తమిళనాడు వైపు వేలూరులో చదివింది. అక్కడ సెకండ్ లాంగ్వేజిగా ఫ్రెంచ్ తీసుకుంది. మార్కులు బాగా పడతాయని చాలామంది అలాగే తీసుకుంటారు. మా వైపు ఇంటర్లో సంస్కృతం తీసుకునేదీ అందుకే. వచ్చే ప్రశ్నలు తెలిసినవే, జవాబులు బట్టీ పట్టి రాసేస్తే చాలు. భాష రావాల్సిన పని లేదు.

ఆమె అసలు చదువు లెక్కలు. వీధిలో ఏ పిల్లవాడికి లెక్క రాకపోయినా ఆ ఇంటికే పంపేవాళ్ళు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాలని ఆమె మా కరస్పాండెంట్ సారు దగ్గరికి వెళితే, ఆయన మార్కుల లిస్టులో ఫ్రెంచ్ చూసి కుర్చీ వేయించాడట. "ఈ ఏడు చిన్నపిల్లోళ్ళకి ఇది చెప్పమ్మా. వచ్చే ఏడు హైస్కూలు లెక్కలు నీకే" అన్నాడట. ఈ సంగతి వీధంతటికీ తెలుసు. వాళ్ళమ్మ కుళాయి దగ్గర అందరికీ చెప్పింది.

అక్క మాకు ఒకే పాఠం చెప్పింది. ఒక అమ్మాయి రొట్టెల అంగడికి వెళుతుంది, అంగడి ఆయనతో మాట్లాడుతుంది. అంత వరకు మాకు బొమ్మను బట్టి తెలుసు. ఏ మాట అమ్మాయిదో, ఏ మాట అంగడి ఆయనదో తెలియదు. అక్క దానికి ఒక రాగం కట్టింది. మేము ఎక్కాలు చదివినట్టు ఊగుతూ చదివేవాళ్ళం. అందరికంటే ముందు నాకే మొత్తం వచ్చేసింది. ఇంటికి ఎవరొచ్చినా మా నాయన నన్ను పిలిచి నిలబెట్టేవాడు. "ఫ్రాన్సోడు కూడా ఇట్లా పలకలేడప్పా, సూడండి" అనేవాడు. వినేవాళ్ళలో ఒక్కరికీ ఒక్క ముక్కా తెలియదు కాబట్టి అందరూ మెచ్చుకునేవాళ్ళు.

మా నాయన ఆ గుజ్జు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. మామిడి సీజనుకు ముందు మెషిను బిగించడానికి నిజంగానే ఒక ఫ్రాన్సు మనిషి వచ్చేసరికి ఆయన ఆగలేకపోయాడు. వెళ్ళి కరస్పాండెంట్ సారుకు చెప్పాడు. కరస్పాండెంట్ సారు వెళ్ళి మేనేజరును అడిగాడు. అలా ఆ ఇంజినీరు మా వార్షికోత్సవానికి ముఖ్య అతిథి అయ్యాడు. ఆ వారమంతా అక్క సరిగ్గా అన్నం తినలేదని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది. అప్పుడు మాకు తెలియదు.

ఆ రోజు నేను పాఠం మొత్తం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. చప్పట్లు మోగాయి. ఇంజినీరు కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చాడు. నవ్వుతూ ఏదో అడిగాడు. అడిగాడని మాత్రం గొంతును బట్టి తెలిసింది. నా దగ్గర ఉన్న ఫ్రెంచ్ అంతా ఒకటే దారం, మొదటి నుంచి లాగితే గానీ రాదు. కాబట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. జనం, ఇద్దరూ మాట్లాడుకుంటున్నారనుకుని, ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆయన ఆగమన్నట్టు చెయ్యి చూపించి, ఈసారి ఒక్కొక్క మాటా విడదీసి, వేళ్ళు చూపిస్తూ అడిగాడు. నేను మూడోసారి రొట్టెల అంగడికి వెళ్ళాను.

ఈసారి చప్పట్లు రాలేదు. వెనక వరసల్లోంచి ఎవరో, "టేపు అరిగిపోయిందప్పా, తిప్పి వెయ్యండి" అన్నారు. పందిరంతా నవ్వింది. కరస్పాండెంట్ సారు మైకు వైపు వంగి, "చిన్నపిల్లోడు గదా, దొరను చూసి బెదిరినాడు" అని, నాకు మాత్రమే వినిపించేలా, "ఏమిరా, ఇన్నాళ్ళు నేర్పిస్తే ఒక్క మాటకు బదులు చెప్పలేవా? పరువు తీస్తివి గదరా" అన్నాడు. మా నాయన మెట్ల దగ్గరికి వచ్చేశాడు. "చెప్పురా! ఇంట్లో గడగడా వాగుతావే, ఇప్పుడేమొచ్చె నీకు?" అంటూ పైకెక్కాడు. ఆయన చెయ్యి లేవడం చూశాను. కొడతాడన్న భయం కన్నా, అంతమంది ముందు కొడతాడన్న సిగ్గే ఎక్కువగా ఉంది.

అక్క మైకును నా నోటి దగ్గర్నుంచి తన నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"పిల్లోణ్ణి ఏమీ అనొద్దు అన్నా. ఆయన ఏమడిగినాడో నాకూ తెలీలేదు. నేను నేర్పించినంతా వాడు సరిగ్గా చెప్పినాడు. నాకు వచ్చింది అంతే."

ఆ మాటలు బయట రోడ్డు మీదికి కట్టిన స్పీకర్లలోంచి కూడా వినిపించాయి. నవ్వు ఆగిపోయింది. అంతవరకూ నవ్వింది నన్ను చూసి. ఇప్పుడు నవ్వితే తమను చూసి తామే నవ్వుకోవాలి, ఎందుకంటే ఆ బ్యానరు చూసి పిల్లల్ని చేర్పించింది వాళ్ళే. మేనేజరు ఇంగ్లీషులో ఇంజినీరును అడిగి తెలుసుకుని, అక్కతో మెల్లగా అన్నాడు: "వయసెంత అని అడిగినాడమ్మా. ఇంకేమీ లేదు."

అక్క నా వైపు వంగి, "చెప్పు నాయనా, నీకెన్నేళ్ళు?" అంది.

"ఏడు" అన్నాను, మైకులో. ఆ రోజు నేను అర్థమై పలికిన మాట అదొక్కటే. దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంజినీరు మాత్రం నా భుజం తట్టి వెళ్ళి కూర్చున్నాడు.

అక్కకు హైస్కూలు లెక్కల ఉద్యోగం రాలేదు. ఫ్రెంచ్ కూడా పోయింది. ఫ్రెంచ్ పోయిందంటే ఆమె దగ్గర్నుంచి పోయిందని. స్కూల్లో అలాగే ఉంది. తర్వాతి ఏడు ఇంకో అమ్మాయి వచ్చి అదే పాఠానికి ఇంకో రాగం కట్టింది. బ్యానరు విప్పలేదు, పిల్లల్ని ఎవరూ మాన్పించలేదు, మా నాయనతో సహా.

నేను అక్కకు ఎదురుపడలేకపోయాను. ఆమె వాకిట్లో ఉంటే మా పెరటి సందులోంచి స్కూలుకు వెళ్ళేవాణ్ణి. ఆమె ఉద్యోగం నా నోటి వల్ల పోయిందని నాకు గట్టిగా అనిపించేది. మా నాయన కూడా కొన్నాళ్ళు ఆ ఇంటి వైపు చూడలేదు. ఒక ఆదివారం పొద్దున నా రెక్క పట్టుకుని వాళ్ళ గడప దాకా తీసుకెళ్ళి, "అమ్మా, వీనికి లెక్కలు చెప్తావా?" అని అడిగాడు. అంతకు మించి క్షమాపణ అడగడం ఆయనకు చేతకాదు. అక్క, "దానికేం అన్నా, కూర్చోమనండి" అంది.

ఆయన వెళ్ళాక నేను తల ఎత్తలేదు.

"ఏమిరా, నన్ను సూస్తే సందుల్లో దూరతా ఉండావంట?" అంది. "తప్పు నాది. సిగ్గు నీకెందుకురా?"

నేను ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. నేను ఆగాక తన ప్లస్ టూ ఫ్రెంచ్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"మొన్న దీన్ని మొదట్నుంచి చివరిదాకా వెతికినాను. రొట్టె ఎట్లా అడగాలో ఉండాది, వాతావరణం బాగుందని చెప్పడం ఉండాది. 'నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి' అనే మాట యాడా లేదు. పరీక్షకు అది రాదు గదా, అందుకని నేనూ ఎప్పుడూ వెతకలేదు. నీకు మొదట నేర్పించాల్సింది అదేరా. ఆ ఒక్కటి వచ్చుంటే ఆ పొద్దు నువ్వు నిలబడేవాడివి, నేనూ నిలబడేదాన్ని."

పుస్తకం మూసి, పలక తీసుకోమంది. ఆ రోజు భాగహారం చెప్పింది. మొదటి లెక్క చెప్పి, "అర్థమైందా?" అని అడిగింది. అలవాటుగా తల ఊపాను. ఆమె చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "లేదక్కా" అన్నాను. "ఆఁ, ఇప్పుడు చెప్తాను" అని మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఇంజినీరునయ్యానంటే ఆ గడప దగ్గర కూర్చునే.

చిన్నపిల్లలకు పరాయి భాషలు వద్దని నేను అనను. మా వీధిలో తెలుగు, తమిళం, ఉర్దూ మూడూ ఉండేవి. గోలీలాటలో తొండి చేసినవాణ్ణి మూడు భాషల్లోనూ తిట్టగలిగేవాళ్ళం, ఎవరూ నేర్పకుండానే. అవతల బదులు పలికే మనిషి ఉన్నాడు కాబట్టి వచ్చాయి. ఉద్యోగం కోసం ఏ ఊరు వెళ్ళినా ఆ ఊరి భాషలో నేను ముందుగా నేర్చుకునేది, అర్థం కాలేదని చెప్పడమే. అది చెప్పినప్పుడల్లా కొంచెం సిగ్గుగానే ఉంటుంది. చెప్పాక మాత్రం ఎదుటివాళ్ళు నిదానంగా మాట్లాడతారు.

ఈ మధ్య తిరుపతిలో మా పాప స్కూల్లో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. వచ్చే ఏడు ఒకటో తరగతి నుంచి జర్మన్ పెడతామన్నారు. పక్కన ఒక అమ్మాయిని నిలబెట్టి, ఈవిడే టీచరన్నారు. నేను లేచి, పిల్లలు ప్రశ్న అడిగితే ఆ భాషలోనే బదులు చెప్పగలిగేవాళ్ళను పెడుతున్నారా అని అడిగాను. యాజమాన్యాన్నే అడిగాను. కానీ తల దించుకుంది ఆ అమ్మాయి. పైగా ఆ ప్రశ్న నేను ఇంగ్లీషులో అడిగానని కూర్చున్నాక గుర్తొచ్చింది. హాల్లో అందరం తెలుగువాళ్ళమే. ఒకాయన వెనక నుంచి, "కూసో అబ్బా, చిన్న వయసులో పిల్లోళ్ళు ఏ భాషైనా పట్టుకుంటారు" అన్నాడు. యాజమాన్యం నా ప్రశ్నను పక్కనపెట్టి, జర్మన్ కావాలన్నవాళ్ళను చేతులెత్తమంది.

మా ఆవిడ నా వైపు చూడకుండా చెయ్యెత్తింది. మేము మొత్తం ముప్పై ఎనిమిది మందిమి. లేచిన చేతులు ముప్పై ఏడు.