గింజ ఆగాల్సిన చోటు

కొవిడ్ తగ్గిన మరుసటి ఏడు జనగామలోని ఒక ట్రస్టు క్యాన్సర్ దవాఖానలో మెడికల్ ఫిజిసిస్టుగా చేరాను. అదే నా చివరి ఉద్యోగం. చికిత్స రాసేది డాక్టరే. రేడియేషన్ ఎంత, ఎక్కడ పడుతుందో కొలిచి సంతకం పెట్టేది మేము. ఆ సంతకం లేనిదే మిషను నడవదు కాబట్టి మేమంటే డాక్టర్లకు కాస్త చికాకే.

బ్రేకీథెరపీలో బియ్యపు గింజకన్నా చిన్నదైన, రేడియేషన్ వెదజల్లే ఇరిడియం తునకను (మేము గింజ అనేది దాన్నే) సన్నని గొట్టం గుండా గడ్డ పక్కకే పంపి కాసేపు నిలుపుతాం. అంత దగ్గర్లో గోరంత జరిగినా గడ్డకు పడాల్సిన డోసు మంచి కండ మీద పడుతుంది. అందుకే కొత్త గింజ వేసినప్పుడల్లా దాన్ని ముందుగా రేడియేషన్‌ను కొలిచే అయనీకరణ ఛాంబరు గుంటలోకి దించి, కొద్దికొద్దిగా జరుపుతూ, రీడింగు ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువ వస్తుందో చూస్తాం.

ఒక రోజు అలా కొత్త గింజ వేసి కొలిస్తే, దాని బలం కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్‌తో సరిపోయింది. పెద్ద రీడింగు మాత్రం రావాల్సిన చోట రాలేదు. ఛాంబరును అనుమానించి మళ్లీ కొలిచాను. తప్పు గొట్టానిది. పాతది పగిలిందని ఇంజనీరు స్టోరులోంచి వేరే మోడల్‌ది తగిలించాడు. అది కాస్త పొడవు. మిషను గింజను ఎప్పుడూ ఒకే దూరం తోస్తుంది కాబట్టి గింజ కొనదాకా పోకుండా వెనకే ఆగిపోతోంది.

బయట మంగ్లి కూర్చుని ఉంది. నర్సింహులపేట దగ్గరి తండా మనిషి. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ అయిపోయింది, ఈ లోపలి చికిత్స ఆలస్యం కాకూడదు. తేడాను కంప్యూటరులో కలిపి ఇచ్చేద్దామన్నారు డాక్టరు గారు. ఆ గొట్టం ఈ మిషనుకు గట్టిగా బిగుసుకోదని చెప్పి, గింజ మధ్యలో ఇరుక్కుంటే ఆమె గతేమిటని అడిగి, నేను సంతకం పెట్టలేదు. ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. సరైన గొట్టం చెన్నై నుంచి రావాలి. అది వచ్చేదాకా ఉంచడానికి పడకలు లేవని ఆఫీసువాళ్లు ఆమెను ఇంటికి పొమ్మన్నారు.

"మిరప ఏర పోతున్నం సారూ. మల్ల పిలిస్తే వస్తనో రానో. గిప్పుడే చెయ్యరాదా?" అంది.

మిషను బాగా లేదమ్మా అన్నాను.

"నెత్తురైతే ఆగింది. జర నయమే ఉన్నది," అని లేచింది.

గొట్టం వచ్చేసరికి ఆమె కూలికి వెళ్లిపోయింది, ఫోను కలవలేదు. మిరప ఏరడం అయ్యాక భర్త భుజం పట్టుకుని వచ్చింది. అప్పటికి గడ్డ చుట్టూ పాకిపోయింది. డాక్టరు గారు నొప్పి మందులు మాత్రమే రాశారు. నాకు ఏడుపొచ్చింది.

సంతకం పెట్టకపోవడం సరైనదే. ఇవాళ అడిగినా పెట్టను. కాని మిషను ఆపినవాడే రోగిని అదే రోజు మరో దవాఖానకు చేర్చాలి. లేకపోతే ఆపడం సగం పనే అవుతుంది. మంగ్లికి ఆ సగమే జరిగింది.