ఇవాళ ఏది కాదో చెప్పండి

సికింద్రాబాద్ వచ్చిన కొత్తలో నా కొంప ముంచిన మాట ఒక్కటే. "అయితది మేడం."

మాది గుంటూరు వైపు. మా దగ్గర పని కాదంటే కాదనే చెబుతారు. పైగా ఎందుకు కాదో పావుగంట చెబుతారు, మధ్యలో మన మేనత్తగారి సంగతి కూడా లాగుతారు. వినలేక మన ప్రాణం పోతుంది గానీ, పని కాదన్న విషయం మాత్రం తెలిసిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఏది అడిగినా నవ్వు మొహంతో, తల పక్కకి వంచి, "ఎందుకు కాదు? అయితది మేడం" అనేవారు. ఎంత చక్కటి మనుషులు అని మొదటి వారమంతా మురిసిపోయాను.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. పద్మారావు నగర్‌లో ఒక మందుల షాపు పైన, మేడ మీద, స్కూలు యూనిఫారాలు కుట్టే చిన్న కార్ఖానాలో సూపర్‌వైజరుగా చేరాను. కుట్టుపని మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. మనుషుల చేత పని చేయించడం మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా నాన్న బడిపంతులు. ఆయన్ని చూసి నాకు అర్థమైందల్లా, గొంతు పెద్దదైతే పని దానంతటదే జరుగుతుందని. దేవుడి దయవల్ల నాకు గొంతు కరువు లేదు. ఆదివారం చర్చిలో నేను పాట ఎత్తుకుంటే ముందు వరసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు.

కార్ఖానాలో మిషన్ల మీద పదిమంది పైచిలుకు ఆడవాళ్ళు. బట్ట కోయడానికి ఒక కటింగ్ మాస్టర్, యాభై దాటిన మనిషి, ఎప్పుడూ మెడలో టేపు, నోట్లో వక్క. ఒక మూల కాజా మిషన్. చొక్కాకి బొత్తాం దూర్చే చిల్లు చుట్టూ కుట్టేదాన్నే కాజా అంటారు. ఆ మిషన్ మీద ఒక అమ్మాయి కూర్చునేది. నోట్లో నాలుక లేని మనిషి. "టీ తాగావా?" అని అడిగినా నవ్వి ఊరుకునేది.

నేను చేరిన నెలలోనే ఒక చిన్న బడి వాళ్ళ చొక్కాలు కుట్టే పని వచ్చింది. శనివారానికి అవుతాయా అని ఒక్కొక్కరినీ పేరుపేరునా అడిగాను. అందరూ అయితదన్నారు. శనివారం సాయంత్రం చొక్కాలు చక్కగా ఇస్త్రీ అయి, మడతలు పడి, దొంతరగా ఉన్నాయి. ఒకటి విప్పి చూశాను. కాజా లేదు. ఇంకోటి విప్పాను. దానికీ లేదు. ఒక్క చొక్కాకి ఒక్క కాజా లేదు! బుధవారమే కాజా మిషన్ బెల్టు తెగిందట.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద మందుల షాపతను కూడా పైకి వచ్చి చూసేంత అరిచాను.

మాస్టర్ మాత్రం వక్క బుగ్గన పెట్టుకుని నిదానంగా అన్నాడు. "బెల్టు తెగిందని చెప్తే మీరు పరేషాన్ అయితరని చెప్పలే మేడం."

"ఇప్పుడు కాలేదా నేను పరేషాన్?"

"ఇప్పుడైతే అయిన్రు. గా మూడు దినాలన్న నిమ్మలంగ ఉంటిరి గద."

ఏం అంటాం చెప్పండి! వెటకారం చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే నా మీద జాలిపడుతున్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ ఆలోచించాను. వీళ్ళది బద్ధకం కాదు, మోసమూ కాదు. మర్యాద! ఎదురుగా నిలబడి అడిగిన మనిషి మొహం మీద "కాదు" అనడం వీళ్ళకి చేతకాదు. మర్యాదతోనే నన్ను నిలువునా చంపేస్తున్నారు.

తర్వాత్తర్వాత మాస్టర్ అయితదల్లో రకాలు కూడా పట్టుకున్నాను. చప్పున అన్నాడంటే రేపు అవుతుంది. మెడ గోక్కుంటూ సాగదీశాడంటే వచ్చే వారం. ఫ్యాను వంక చూస్తూ అన్నాడంటే ఇక ఆ పని మీద ఆశ వదులుకోవాల్సిందే. కానీ అందరి మెడలూ ఎన్నాళ్ళని కనిపెట్టుకుని కూర్చుంటాం?

ఒక సోమవారం పొద్దున్న కింద హోటల్ నుంచి టీ తెప్పించి అందరినీ చుట్టూ నిలబెట్టాను. "ఇవాళ ఏది అవుతుందో నాకు చెప్పొద్దు. ఏది కాదో చెప్పండి. చెప్పిన వాళ్ళకే టీ," అన్నాను.

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. టీ మీద మీగడ కట్టింది. ఎవరో గొణిగారు, "ఏందీ మేడం, పొద్దుగాల పొద్దుగాల గిట్ల అపశకునం మాటలు?" చివరికి మాస్టర్ నన్ను ఊరుకోబెట్టడానికన్నట్టు, "ఇయ్యాల ఎండ తగ్గదు మేడం," అన్నాడు. సరే, మీరు తాగండి అన్నాను. రెండో రోజు "కరెంటు ఉండదు మేడం" అని వచ్చింది. ఎండాకాలం, అది నిజమే. మూడో రోజు ఒకావిడ తెగించి, "రేపు నేను రాను మేడం, మా ఆడబిడ్డ బిడ్డ పెండ్లి. మీకు చెప్పకుండ పోదామనుకున్న," అంది.

నాకు ఒళ్ళు మండింది. స్కర్టులన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి. నోటి దాకా వచ్చిన మాటని టీతో పాటు మింగి, "మంచిది. అయితే స్కర్టులు ఎవరు పట్టుకుంటారు?" అన్నాను. తర్వాత పక్క మిషన్ ఆవిడ, "అవి సుత నేనే కుడత," అంది. అంతే, అయిపోయింది. అంత సులువు! కానీ "కాదు" అన్న మనిషిని తిట్టకుండా ఊరుకోవడం మాత్రం సులువు కాదు. నా బతుకులో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

పదిహేను రోజులకి గేట్లు ఎత్తేసినట్టయింది. దారం నాసిరకం, ఫ్యాను తిరగదు, కత్తెరకి సాన లేదు, మేడం ఇచ్చిన కొలతే తప్పు! మాస్టర్ అయితే టీ రాకముందే మొదలుపెట్టేవాడు. "నిన్నటిది సుత ఒకటి మిగిలింది మేడం, జెర ఇనుండ్రి," అనేవాడు. నవ్వేవాళ్ళు, ఒకరినొకరు వేళాకోళం చేసుకునేవాళ్ళు. పనులు మాత్రం చెప్పిన రోజుకి అవుతూ వచ్చాయి. కాజా అమ్మాయి ఒక్కతే ఏమీ చెప్పేది కాదు. గోడకి ఆనుకుని నవ్వుతూ నిలబడేది. ఆమెకి టీ నేనే చేతిలో పెట్టేదాన్ని.

ఆమె సంగతి ఒకరోజు అన్నాల దగ్గర తెలిసింది. బడులు తెరిచాక మాకు పని ఉండదు. జూలైలో ఓనరు సగం మందిని తీసేసేవాడు. అందరికంటే ముందు పోయేది కాజా మిషన్ మనిషే. అప్పుడు ఆమె రెండు బస్సులు మారి యాప్రాల్ వెళ్ళి, కొత్తగా లేస్తున్న ఇళ్ళలో అంట్లు తోమేది. చంటిదాన్ని పక్కింట్లో వదిలి వెళ్ళేది. సాయంత్రం వచ్చేసరికి అది ఏడ్చి ఏడ్చి పడుకుని ఉండేదట. "అసలు జూలైనే రావొద్దనిపిస్తది మేడం," అంది. ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ వేసవిలోనే ఓనరు పెద్ద వార్త మోసుకొచ్చాడు. ఒక పెద్ద బడి వాళ్ళు మాతో కుట్టించుకోవడానికి సుముఖంగా ఉన్నారట. "గీ ఒక్క ఆర్డర్ పట్టుకుంటే ఏడాది పొడుగునా పనే మేడం. ఎవ్వర్నీ తీసేసే అవుసరం రాదు," అన్నాడు. ఆ మాట మిషన్లన్నీ విన్నాయి. ఆ అమ్మాయి తలెత్తి ఓనరు వంక చూసి, మళ్ళీ పనిలో పడింది. ఈ ఆర్డర్ ఎలాగైనా రావాలని నేను ఆ వారమంతా ప్రార్థన చేశాను.

ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ తనే స్వయంగా చూడటానికి వచ్చారు. మేమంతా తెల్లారే వచ్చి నేల తుడిచాం. మాస్టర్ ఆ రోజు వక్క మానేశాడు. ఆవిడ ఒక స్కర్టు తీసుకుని కుట్టు దగ్గర రెండు చేతులా పట్టి లాగి చూశారు. కుట్టు కదల్లేదు. కాజాల్లో బొత్తాలు దూర్చి చూశారు. మొహంలో తృప్తి కనబడింది. చొక్కాలు, స్కర్టులు మీరే కుట్టండి అన్నారు. మా గుండెల మీంచి బరువు దిగింది. వెంటనే ఇంకో మాట అన్నారు. పిల్లల ఆటల డ్రెస్సులు కూడా, తెల్లవి, అన్నీ కలిపి బడి తెరిచే లోపల కావాలి.

ఓనరు కళ్ళు మతాబుల్లా వెలిగాయి. "ఎందుకు కాదు మేడం? ఫస్ట్‌క్లాస్‌గా అయితది!" అని ఆవిడతో అని, నా వైపు తిరిగాడు. "అయితది గద?"

కాదని నాకు తెలుసు. ఉన్నది ఒక్క కాజా మిషన్. మధ్యాహ్నాలు కరెంటు ఉండదు. కానీ ఎదురుగా ఏడాది పొడుగునా పని కనబడుతోంది. మూలన ఆ అమ్మాయి కనబడుతోంది. ఆమె జూలై కనబడుతోంది.

"అయితది సార్," అన్నాను.

గుంటూరు నోట్లోంచి అచ్చంగా అదే మాట ఊడిపడింది!

"కాదు మేడం."

వెనక నుంచి. సన్నటి గొంతు. ఎవరా అని తిరిగి చూస్తే కాజా అమ్మాయి లేచి నిలబడి ఉంది. ఒక చెయ్యి మిషన్ మీద ఆనించింది.

"అన్నీ ఒక్కసారి కావు. అంగీలు, స్కర్టులు అయితయి. తెల్ల డ్రస్సులు కావు. ఆగమాగం కుడితే ఖరాబైతయి. తర్వాత ఇస్తే మంచిగ కుడతం."

మిషన్లన్నీ ఆగిపోయాయి. ఓనరు నన్ను చూసి, "ఏంది మేడం గిది? మీ మనుషులు మీ మాట వినరా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఒళ్ళంతా మంట. పిచ్చిమొహమా, నీ కోసమే కదే నేను ఒప్పుకున్నది, కూర్చో నోరు మూసుకుని! ఆ మాటలన్నీ నాలుక చివరికి వచ్చేశాయి. అందరూ నన్నే చూస్తున్నారు. మాస్టర్ కూడా. రోజూ పొద్దున్నే కాదు చెప్పండి, కాదు చెప్పండి అని పీక్కుతిన్నదాన్ని, అసలు కాదు వచ్చిన రోజున ఏం చేస్తానో చూద్దామన్నట్టు చూస్తున్నారు. ఇప్పుడు ఈ పిల్లని కసిరానంటే, రేపటి నుంచి టీ తాగడానికి వస్తారు గానీ నోరు ఒక్కరూ విప్పరు.

"ఆమె చెప్పిందే నిజం సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నేను ఆశపడి అన్నాను. అన్నీ ఒకేసారి కావు."

ఓనరు మొహం ఆముదం తాగినట్టయింది. హెడ్‌మిస్ట్రెస్ అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆర్డర్ పోయింది, నా ఉద్యోగమూ పోయింది అనుకున్నాను.

"మే నెలలో అందరూ అవుతుందనే అంటారమ్మా," అన్నారు చివరికి. "జూన్‌లో గేటు దగ్గర నిలబడి తల్లిదండ్రుల చేత మాటలు పడేది నేను. సరే, చొక్కాలు, స్కర్టులు ముందు ఇవ్వండి. తెల్ల డ్రెస్సులు పంద్రాగస్టుకి అందితే చాలు."

చొక్కాలు, స్కర్టులు బడి తెరిచే లోపలే వెళ్ళాయి, కాజాలతో సహా. ఓనరు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చెప్పాల్సింది మాస్టర్‌తో చెప్పేవాడు, మాస్టర్ పక్కనే ఉన్న నాకు మళ్ళీ చెప్పేవాడు. అయితే ఏం? జూలై వచ్చింది, తెల్ల బట్ట తానులు తానులుగా మేడ మెట్లెక్కింది. ఎవరినీ తీసెయ్యలేదు. కాజా అమ్మాయి ఆ ఏడు యాప్రాల్ బస్సు ఎక్కలేదు.

ఒక వాన మధ్యాహ్నం ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళుగా నన్ను తొలుస్తున్నది అడిగేశాను. "జూలైలో పని ఉంటుందనే లెక్క వేసుకుని అన్నావా ఆ రోజు?"

పకపకా నవ్వింది. "గంత తెలివి నాకేడిది మేడం?"

"ఆర్డరే పోయుంటే? అందరికంటే ముందు నష్టం నీకే కదా?"

"పోతదనే అనుకున్న."

"మరి ఎందుకన్నావు? రోజూ టీ దగ్గర అన్నిసార్లు అడిగాను. ఒక్కనాడూ నోరు విప్పలేదు నువ్వు."

ఆమె చొక్కా కింద పెట్టి, నా వంక సూటిగా చూసింది.

"రోజు మీరు అడుగుతుంటిరి, ఎవరో ఒకరు చెప్తుండిరి. నేను చెప్పకున్న నడిచింది. గా దినం మీరు అడగలే మేడం. గందుకే చెప్పిన."