కాటా మీద నాయన

నాయనకు న్యుమోనియా వచ్చి తగ్గిన ఆ చలికాలం మా ఇంట్లో అందరికీ ఒకటే పిచ్చి పట్టుకుంది. ఆయన బరువు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు, "ఒళ్లు పట్టాలి, కాస్త బరువెక్కితే పనికి పోవచ్చు" అన్నారట. ఆ మాట మామ చెవిన పడింది. ఇంక అంతే.

మామ అంటే అమ్మ తమ్ముడు. ఎమ్మిగనూరులో బట్టల వ్యాపారం. నాయన ఆదోనిలో పత్తి దలాలి. పత్తి రాక మొదలయ్యే రోజులు దగ్గరపడుతున్నాయి, ఆయన మార్కెట్టుకు పోకపోతే ఏడాదంతా ఇబ్బందే. అందుకని మామ వారం వారం బస్సు దిగి, నాయనను జట్కాలో జిన్నింగు మిల్లుకు తీసుకుపోయి, పత్తి బోరేలు తూచే కాటా మీద నిలబెట్టేవాడు. శాలువాతో తూచాలా, తీసి తూచాలా అని హమాలీలతో వాదన కూడా పెట్టుకునేవాడట.

"పెరిగినాడక్కా! మళ్లా పెరిగినాడు!" అని వీధిలోనుంచే కేక.

అమ్మ మురిసిపోయి అన్నంలో ఇంకో గరిటె నెయ్యి, పక్కన ఇంకో ఊరగాయ ముక్క వేసేది. పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా, "ఎంత తూగినాడప్పా?" అనే అడిగేవాళ్లు. ఊపిరి ఎట్లుందని ఒక్కరూ అడగలేదు.

నాయన పేపరు పైకి చదివేవాడు. ఇప్పుడు ఒక వాక్యం మధ్యలో ఆగి, కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు నటించేవాడు. పెరట్లోకి పోయి వస్తే గుమ్మం పట్టుకొని నిలబడేవాడు. పడుకోలేక దిండ్లకు ఆనుకొని కూర్చునే నిద్రపోయేవాడు. ఇవన్నీ నేను డైరీలో రాసుకుంటూ కూర్చుంటే ఏం లాభం? ధైర్యం చేసి అమ్మకు చెప్పాను.

"బరువు పెరుగుతాంటే ఆయాసం ఎట్లుంటాదే? ఆ పుస్తకాలు చదివి చదివి నీకు అన్నీ అనుమానాలే."

సోమవారం మార్కెట్టుకు పోవాలని మామే ముహూర్తం పెట్టాడు. ముందురోజు సాయంత్రం నాయన చెప్పులు వేసుకోబోతే పాదాలు పట్టలేదు.

"చూడు బావా, కాళ్లకు గూడా కండ పట్టింది! కొత్తవి కొందాం పా" అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండిపోయింది. మామ ఎదుట నోరు విప్పడం నాకు అలవాటు లేదు. తలుపు పక్కనుంచే అడిగాను.

"నాయనా, నీళ్లు చల్లిన పత్తిని ఎట్ల కనిపెడతావు?"

ఆయన ముఖం వెలిగింది. "అదెంతమ్మా? పిడికిట్లో పిసికి వదిలితే... మంచిది మళ్లా పైకి లేస్తాది. నీళ్లు తాగింది... అట్లే అణిగి ఉంటాది. తూకం కోసం... చేస్తారు దొంగలు." ఆ నాలుగు ముక్కలకే మూడుసార్లు ఆగాడు.

నేను పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి తీశాను. గుంట పడింది. అట్లే ఉండిపోయింది.

నాయన అనుమానపు సరుకును చూసినట్టు వంగి దాన్ని చూశాడు.

"నొక్కితే గుంట పడదా ఏంది? ఎవురికైనా పడతాది" అని మామ పంచె పైకి లాగి తన కాలు నొక్కుకున్నాడు. వేలు తీసీ తీయకముందే చర్మం లేచింది. ఇంకో చోట నొక్కుకున్నాడు. అక్కడా అంతే.

"చాల్లేప్పా. డాక్టరును పిలుసుకొని రాపో" అన్నాడు నాయన.

డాక్టరు వచ్చి గుండె విన్నారు. అది ఒళ్లు కాదు, నీరు. జబ్బు గుండెను కూడా అలసగొట్టింది అన్నారు. ఆ స్థితిలో మార్కెట్టులో తిరిగి ఉంటే మనిషి దక్కేవాడు కాదట. ఉప్పు బందు, సూదులు, మంచం. ఆ ఏడు పత్తి నాయన లేకుండానే అమ్ముడైపోయింది. ఉప్పులేని అన్నం తినలేక ఆయన విసుగంతా నా మీదే చూపించాడు.

నీరు దిగింది. నీరు దిగితే తూకమూ దిగుతుంది కదా. మామ మాత్రం కాటా మానలేదు.

"తగ్గిపోయినాడక్కా! సగమైనాడు!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అమ్మ కూడా ఏడ్చింది. కడసారి చూపుకన్నట్టు ఎమ్మిగనూరు నుంచి చుట్టాలు దిగారు.

ఒకరోజు నేను మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తుంటే నాయన పైకి వచ్చాడు. ఎవరూ పట్టుకోలేదు, మధ్యలో ఎక్కడా ఆగలేదు. పిట్టగోడ మీద కూర్చుని, మామూలుగా గాలి పీలుస్తూ, "ఈ ఏడు కాయ బాగ ఎర్రగుందే" అన్నాడు.

కిందనుంచి మామ గొంతు. "బావ యాడ? జట్కా వచ్చి నిలబడింది!"

నాయన నా వైపు తిరిగి, లేడని చెప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్లీ నోరు విప్పాల్సింది నేనే, ఈసారి వీధి వీధంతా వినేటట్టు.