ఎలుగుబంటికి అరగంట నడక

ఆవిడ జూలో మేత విభాగం గుమస్తా. ఏది అడిగినా ముందు "సరే" అనేస్తుంది కాబట్టి అక్కడ అందరికీ సరే పిన్ని. పొద్దున్నే ఏ జంతువుకు ఏం పెట్టాలో ఉన్న షీటు అచ్చు తీసి కాపలావాళ్లకిచ్చేది. అందులో ఆవిడ సొంతంగా రాసేదేమీ లేదు. పశువుల డాక్టరు గారు తన గదిలో తన ఫైలు మారిస్తే, ఆ మార్పులు లింకు ద్వారా ఈ షీటులోకి వచ్చిపడతాయి.

ఒకటే గొడవ. షీటు తెరవగానే పైన ఓ పసుపు పట్టీ: 'బయటి ఫైలు నుంచి సమాచారం వస్తోంది, అనుమతిస్తారా?'

"పక్కింటావిడలా రోజూ ఇదే ప్రశ్న!" అని విసుక్కుని ఓ రోజు సెట్టింగుల్లోకి దూరింది. ప్రతిసారీ అడగొచ్చు, అన్నీ ఆపేయొచ్చు, లేదా అన్నీ అనుమతించొచ్చు. చివరిదాని పక్కన 'సిఫార్సు చేయడం లేదు' అని రాసుంది.

"చేయకపోతే మానె. నా ఉద్యోగమే ఏ సిఫార్సూ లేకుండా వచ్చింది," అని దాన్నే నొక్కింది. పట్టీ మాయం. ప్రాణం హాయిగా ఉంది.

ఇంతలో డాక్టరు గారి పొట్ట మీద వాళ్లావిడ కన్ను పడింది. ఆవిడ చెప్పిన పథ్యమంతా ఆయన బుద్ధిగా కంప్యూటరులో ఎక్కించాడు. ఎక్కించింది మాత్రం మేత ఫైలులో.

మర్నాడు నీటిగుర్రం కాపలాదారు ఫోను. "పిన్నీ, దీనికి ఒక కోడిగుడ్డు తెల్లసొన, చక్కెర లేని టీ అని ఉంది. టీ ఇచ్చాను. కప్పుతో సహా మింగేసింది!"

ఆవిడ ఫోను పెట్టేలోపే ఎలుగుబంటి కాపలాదారు ఊడిపడ్డాడు. "మేతకు బదులు 'అరగంట వేగంగా నడక' అనుంది. అదొక్కటే నడవాలా, నేనూ నడవాలా?"

ఆవిడ పరుగున డాక్టరు గదికి వెళ్లింది. "ఎలుగుబంటిని నడిపించమన్నారా అండీ?"

"దాన్నెందుకు? నడవాల్సింది నేను!" అని ఆయన నాలిక్కరుచుకుని మేత ఫైలు సరిచేశాడు.

నీటిగుర్రానికి ఏమీ కాలేదు గానీ పిన్నికి చెమటలు పట్టాయి. షీటు సరిపడగానే సెట్టింగుల్లోకి వెళ్లి అన్నీ ఆపేసింది. ఇక ఏ ఫైలూ గడప దాటి రాదు.

నిజంగానే రాలేదు. జబ్బు చేసిన ముసలి కోతికి అరటిపండ్లు మానిపించి జావ రాశాడు డాక్టరు. కోతి మాత్రం ఎప్పటిలా గెల ముందేసుకుని కూర్చుంది. ఆయన ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు.

"నేను రాసిందేమైంది?"

"బయటివాళ్లవేవీ రానివ్వట్లేదండీ."

"నేను బయటివాణ్ణా?" పాపం, నిజంగానే నొచ్చుకున్నాడు.

ఇద్దరూ కూర్చుని 'ప్రతిసారీ అడుగు' అన్నదానికి మార్చారు. పట్టీ మళ్లీ వచ్చింది. ఇప్పుడావిడ ముందు డాక్టరు ఫైలు తెరిచి చదువుతుంది, అనుమానమొస్తే ఫోను చేస్తుంది, ఆ తర్వాతే నొక్కుతుంది.

మొన్న జిరాఫీ వరుసలో 'ఉప్పు బంద్' అని కనిపించింది.

"డాక్టరు గారూ, ఈ ఉప్పు మీదా, జిరాఫీదా?"

"జిరాఫీదేనమ్మా! నాకు మా ఆవిడ నిన్ననే తిరిగిచ్చింది."

ఆవిడ బటను నొక్కి షీటు అచ్చు తీసింది. కాపలాదారు ఆవరణలో నాకడానికి పెట్టిన ఉప్పుగడ్డను చంకనెట్టుకుని బయల్దేరితే, జిరాఫీ కంచె పొడవునా మెడ సాచి అతని వెంటే నడిచింది.