మా రాయి, మీ రాయి

పరిశోధనలో చేరిన ఆ కొత్తల్లో, భూమి మీదకన్నా భూమి లోపలి సంగతులే నాకు బాగా తెలుసని మహా ధీమాగా ఉండేదాన్ని. భూగర్భంలో కరిగిన ఇనుము సుడులు తిరగడం వల్లే భూమికి అయస్కాంత శక్తి వచ్చిందని, అదెప్పటిదో పాత రాళ్లే చెబుతాయని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పాఠం చెప్పేదాన్ని. కరిగిన రాయి చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి అయస్కాంత దిక్కుకి తిరిగి అలాగే బిగుసుకుపోతాయి మరి. (మధురానగర్‌లో నా రూమ్మేటు పాఠంలో ఇక్కడిదాకా ఏనాడూ మెలకువగా వినలేదు.)

అలా చల్లారిన నల్లరాయి ఒకటి ఫిల్మ్‌నగర్‌లో, గ్రానైటు గుట్టని చీల్చుకుని పైకొచ్చిన చార రూపంలో దొరికింది. మర్నాడే బిల్డరు దాన్ని పగలగొట్టిస్తాడట. నమూనా తేలేకపోతే పరిశోధనాంశం మార్చుకోవాల్సిందేనని మా గైడు తేల్చేశారు. ఆయన్ని చాటుగా దిక్కుల మాస్టారు అనేవాళ్లం. ఏ రాయి తెచ్చినా మొదటి ప్రశ్న "దీని ఉత్తరం ఎటు?" అనే. దిక్కు గుర్తు పెట్టకుండా ఊడదీసిన రాయి ఆయన లెక్కలో దండగ.

డ్రిల్లు, నీళ్ల డబ్బా మోసుకెళ్లేసరికి గుట్ట దగ్గర షూటింగ్. భోజనాల విరామంలో కానిచ్చుకోమన్నాడు మేనేజరు. అన్నిటికన్నా నల్లగా, నిండుగా ఉన్న రాయిని ఎంచుకుని డ్రిల్లు ఆనించాను. వెన్నలోకి దిగినట్టు దిగింది. నా చేతి బలానికి నాకే ముచ్చటేసింది. అంతలో తెల్లటి పొడి రాలింది. పక్కన అన్నం తింటున్న లైట్‌మ్యాన్ నెమ్మదిగా అన్నాడు: "మేడం, గది మా రాయి. మీ రాయి గీడ పరదా కింద ఉంది."

హీరో ఎత్తి విసరడానికి థర్మాకోలు మీద ప్లాస్టరు పూసి చేసిన రాయట అది. ఆర్ట్ డైరెక్టరు ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చి, ఆ రంధ్రం చూసి నన్ను నానా మాటలూ అన్నాడు. నేనెవరో చెప్పాక మాత్రం ఆగి, నన్ను ఎగాదిగా చూశాడు.

"రాళ్ల గురించే చదువుకున్నావా?"

"అవునండీ."

"అయినా పోల్చుకోలేకపోయావా?"

"పోల్చుకోలేకపోయానండీ."

ఆయన మొహం చేటంతయింది. రాళ్ల సైంటిస్టే మోసపోయిందని యూనిట్ అందరికీ చెప్పొచ్చి, రంధ్రం పూడ్చి, రంగేసి, నీకేం కావాలో అడగమన్నాడు. నాకు సూర్యుడు కావాలన్నాను. నల్లరాయి పక్కన దిక్సూచి తడబడుతుంది కాబట్టి, ఎండలో పుల్ల నీడని బట్టే దిక్కు గుర్తుపెట్టాలి. నా రాయి మీదేమో ఎండ పడకుండా వాళ్లు నల్ల పరదా కట్టారు.

అసలు రాయి నా నడుం విరగ్గొట్టి గానీ లొంగలేదు. అప్పటికి షాటు రెడీ. "ఒక్క నిమిషమండీ, ఈ అమ్మాయికి సూర్యుడితో పనుంది" అని డైరెక్టరుకి ఆయనే చెప్పి పరదా తీయించాడు. హీరోతో సహా యూనిట్ అంతా ఊపిరి బిగబట్టి ఒక రాయి కోసం నిలబడింది. నీడ పడింది, గీత గీశాను, రాతిముక్క చేతిలోకి వచ్చింది. షాటు ఓకే అయినట్టు అందరూ చప్పట్లు కొట్టారు. ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

ల్యాబులో దాన్ని అంచెలంచెలుగా వేడిచేసి, తర్వాతి కాలపు అయస్కాంత ముద్రలన్నీ చెరిపేశాం. అడుగున ఆ పురాతన దిక్కు చెక్కుచెదరకుండా ఉంది. "దీని ఉత్తరం ఎటు?" అన్నారు మాస్టారు. తడుముకోకుండా చూపించాను. ఆయన మొదటిసారి నవ్వారు.

ఆ సినిమా ఎర్రగడ్డలో చూశాను. హీరో రాయి ఎత్తగానే హాల్లో నేనొక్కదాన్నే లేచి చప్పట్లు కొట్టాను. ఇప్పుడా గుట్ట మీద అపార్టుమెంట్లు లేచాయి, ఉత్తరం ఎటని అడిగే వంతు నాదైంది. డ్రిల్లు పెట్టేముందు రాయిని వేలితో ఒకసారి కొట్టి చూడమని నా విద్యార్థులకి చెబుతుంటాను. ఎందుకని మాత్రం వాళ్లడగరు, నేనూ చెప్పను.