మా ఊరి ముందు ఇచ్చిన చక్రం

సైకిల్ రేసంటే ఎవరికి వాళ్లు తొక్కుకోవడమేనని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని జట్టులో చేరాను. చేరాక తెలిసింది, ఆరుగురిలో గెలవాల్సింది ఒక్కతేనని, మిగతా ఐదుగురం ఆమె గెలుపుకు కూలీలమని. ఎదురుగాలి వస్తే మేం ముందుండి తొక్కాలి, లీడరు మా వెనక ఒదిగి రావాలి. ఆమెకు దాహమైతే నేను వెనకబడి, నీళ్లూ విడి చక్రాలూ వేసుకుని వెంట వచ్చే మా జట్టు కారు దగ్గరికి పోవాలి. జెర్సీ జేబుల్లో, వీపు మీద నీళ్ల సీసాలు కుక్కుకుని మళ్లీ గుంపును అందుకోవాలి. చిన్నప్పుడు బాపు సైకిల్‌కు రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించుకుని హాలియాలో పోసి వచ్చేదాన్ని. పాలు పోయి నీళ్లు వచ్చాయి, నా బతుకులో వచ్చిన మార్పు అంతే.

ఆ రేసు భువనగిరిలో మొదలై, రోజుకో దారిన తిరిగి, మహబూబ్‌నగర్‌లో ముగియాలి. మధ్యలో ఫంక్షన్ హాళ్లలో మా బస. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసే గదిలో ఆరుగురం చాపలు పరుచుకునేవాళ్లం. ఉన్న ఒక్క బాత్రూం ముందు వరుస కట్టేవాళ్లం. ఉతికిన జెర్సీలు మండపం గుంజలకు ఆరేసేవాళ్లం. సాయంత్రం ఐసు నింపిన ప్లాస్టిక్ డ్రమ్ములో ఒకరి తర్వాత ఒకరు నడుం దాకా దిగి, పళ్లు కొరుక్కుంటూ బూతులు తిట్టుకునేవాళ్లం. నవ్వులు ఉండేవి, కాదనను. కానీ లోపల అందరిదీ ఒకటే ఫికర్. వచ్చే ఏడు నలుగురినే ఉంచుకుంటామని మా కోచ్ సార్ ముందే చెప్పేశాడు.

"మహబూబ్‌నగర్ దాక తొక్కనోళ్లు తర్వాత నాకు ఫోన్ చేయొద్దు" అన్నాడు.

నాకేమో డిగ్రీ సగంలో ఆగిపోయింది. తొక్కడం తప్ప చేతనైన పనేదీ లేదు. గెలవాలని నాకు లేదు, ఆ ఆశ ఎప్పుడో చచ్చింది. మహబూబ్‌నగర్ చేరితే చాలు.

మా ఆటలో ఒక మర్యాద ఉంది. రేసు ఎవరి ఊరి మీదుగా పోతుందో, ఆ ఊరి మనిషిని గుంపు కాస్త ముందుకు వదులుతుంది. ఆమె ఇంటివాళ్లను పలకరించి, వెనకే వచ్చే గుంపులో మళ్లీ కలిసిపోతుంది. ఆ కాసేపూ ఎవరూ దొంగదెబ్బ తీయరు. నల్లగొండ నుంచి సాగర్ పోయే రోజు మా ఊరు దారిలోనే ఉంది, హాలియా దాటాక కాలువ పక్కన. ముందురోజు ఫోన్‌లో బాపుకు ఆ సంగతి చెప్పాను.

"ఆగుతవా బిడ్డా?"

"జరసేపు ఆగుత బాపూ. అమ్మ బొట్టు పెట్టేంతసేపు."

కోతల కాలం. దారి పొడుగునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. హాలియా రాకముందు కంకర తేలిన రోడ్డు మీద ఒకరి తర్వాత ఒకరికి టైర్లు పోయాయి, మా కారులో ఉన్న చక్రాలు ఖర్చయిపోతూ వచ్చాయి. హాలియా దాటాక లీడరు నా భుజం తట్టి, ముందుకు పొమ్మని చెయ్యి చూపింది. మా ఊరి ముందు రోడ్డు చూసి నా కళ్లు చెమర్చాయి. వడ్లన్నీ కుప్పలుగా ఎత్తేసి, రోడ్డును వాకిలి ఊడ్చినట్టు ఊడ్చి పెట్టారు. ఊరి ఆడవాళ్లు కొంగులు సర్దుకుని నిలబడ్డారు. అమ్మ హెల్మెట్ కింద వేలు దూర్చి బొట్టు పెట్టింది. బాపు కొబ్బరికాయ పట్టుకుని నా తల చుట్టూ మూడుసార్లు తిప్పాడు. దిష్టి తగలొద్దని, కాళ్లకు బలం రావాలని ఏవో గొణుక్కుంటూ కాయను రోడ్డుకేసి కొట్టాడు.

కాయ ఠంగున పగిలింది. పిల్లలు ఎగబడి ముక్కలన్నీ ఏరుకున్నారు. ఇక రోడ్డు మీద ఏమీ లేదనే అనుకున్నాం.

గుంపు వచ్చేసింది. నేను తొక్కడం మొదలుపెట్టి కలవబోతుండగా మా లీడరు చెయ్యి పైకెత్తింది. ముందు చక్రంలోంచి గాలి బుస్సున పోతోంది. ఆమె వెనకే మా జట్టులో రెండో స్థానం పిల్ల కూడా ముందు చక్రం గాలి పోయి ఆగిపోయింది. నేను ఆలోచించలేదు. అట్లాంటప్పుడు ఆలోచించకూడదనే మాకు నేర్పిస్తారు. దిగి, నా ముందు చక్రం విప్పి లీడరుకు బిగించి, వీపు మీద చెయ్యి వేసి తోశాను. మిగిలిన ముగ్గురూ ఆమెను వెంటబెట్టుకుని పోయారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

మా కారు వచ్చింది. అందులో మిగిలింది ఒకటే ముందు చక్రం. సార్ నా వైపు చూశాడు, రెండో పిల్ల వైపు చూశాడు. చక్రం ఆమెకిచ్చాడు.

"నువ్వు వెనక బండెక్కు" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఒక మనిషినన్నట్టు ఉండేది.

వెనక బండి అంటే వెనకబడిపోయినవాళ్లను ఏరుకుంటూ రేసు చివర వచ్చే వ్యాను. మేం చీపురు బండి అంటాం. అది ఎక్కితే రేసు అయిపోయినట్టే.

లీడరు విప్పిన చక్రం నా చేతిలో ఉంది. టైరులో గోధుమరంగు పెచ్చు ఒకటి దిగబడి ఉంది. కొబ్బరి చిప్ప పెచ్చు, అంచు బ్లేడులా ఉంది. బాపు అప్పటికే నా వైపు వస్తున్నాడు. గబుక్కున పీకి జేబులో అరటి తొక్కల మధ్య దాచేశాను.

"ఏమైంది బిడ్డా? అందరు వోయిండ్రు గద. నీ చక్రం గా పిల్లకెందుకిచ్చినవు?"

"గదే నా పని బాపూ."

ఆయనకు అర్థం కాలేదు. చక్రం తీసుకుని, జీవితమంతా పంచర్లు వేసుకున్న మనిషి కదా, టైరు చుట్టూ బొటనవేలితో తడిమి కోసుకుపోయిన చోట ఆగాడు.

"ముల్లా?"

"ముల్లే బాపూ."

"తుమ్మముల్లే అయ్యుంటది. రోడ్డు ఊడ్పిస్తి గని చెట్లు కొట్టియ్యకపోతి" అన్నాడు. అంతలోనే ఏదో తోచి పరుగున పోయి తన పాల సైకిల్ తోసుకొచ్చాడు. పానా పట్టుకుని ముందు చక్రం నట్టు విప్పడం మొదలుపెట్టాడు. "గిది పెట్టుకోని పో. మంచిగనే ఉన్నది, మొన్ననే టైర్ ఎక్కిచ్చిన."

అది నా సైకిల్‌కు పట్టదు. అమ్మే ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే పక్కకు తిరిగి వడ్లు మళ్లీ పరచుకోసాగారు. చీపురు బండి వచ్చింది. నా సైకిల్‌ను, గాలి పోయిన ఆ చక్రాన్ని లోపల పడేసి ఎక్కి కూర్చున్నాను. సాగర్ దాకా ఏడ్చాను. డ్రైవరు పాటల మోత పెంచాడు, అదీ ఒక మర్యాదే.

మా లీడరు ఆ రేసు గెలిచింది. ఫోటోలో నేను లేను. మరుసటి ఏడు జట్టులోనూ లేను. మహబూబ్‌నగర్‌కు ఆ తర్వాత ఓ పెళ్లికి పోయాను, బస్సులో. ఇప్పుడు నల్లగొండలో స్కూటర్ మీద పార్సెళ్లు పంచుతాను. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు నొస్తాయి. ఎందుకు బతుకుతున్నానో తెలియని రోజులే ఎక్కువ. ఆ రేసు మళ్లీ ఎప్పుడూ మా వైపు రాలేదు, వస్తుందన్న మాట కూడా ఎవరూ అనడం లేదు.

బాపు మాత్రం ఏటా వానలు తగ్గగానే కొడవలి పట్టుకుని రోడ్డెక్కుతాడు. ఊరు మొదలు కాలువ వంతెన దాకా రెండు పక్కలా తుమ్మ కంప నరికి కుప్ప వేసి కాలబెడతాడు. వద్దంటే వినడు. అసలు సంగతి చెబితే ఆ పని మానేస్తాడని నాకు తెలుసు. ఆ పనితో పాటు ఇంకేం మానేస్తాడో తెలియదు. అందుకే చెప్పను.

మొన్న పోయినప్పుడు గడప మీద కూర్చోబెట్టుకుని, ఆయన అరచేతిలో విరిగిన ముళ్లు పిన్నీసుతో తీశాను. ఆయనది కొడవలి పట్టే వయసు కాదు.

"ఈసారి రేసొస్తె ఒక్క ముల్లు దొరకది బిడ్డా" అన్నాడు. రెండో చెయ్యి చాపి, "కొబ్బరికాయ గూడ గప్పుడు చిన్నదాయె. ఈసారి పెద్దది కొడ్త" అన్నాడు.

నేను తల ఎత్తకుండా సరే బాపూ అన్నాను.